సర్వరు మనదైతే తాళమూ మనదే!

* 'ఉచిత' సేవల చాటున పరాధీనత
* స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో అందుబాటులో ప్రత్యామ్నాయం
* నిర్వహణే అసలు పరీక్ష

హన్మకొండ: కళాశాల వార్షికోత్సవం నాటి ఛాయాచిత్రాలు ఎక్కడున్నాయని అడిగితే 'గూగుల్‌లో ఉన్నాయి' అంటారు. విద్యార్థుల హాజరు, అంతర్గత పరీక్షల మార్కులు, పూర్వ విద్యార్థుల చిరునామాలు, గ్రంథాలయ జాబితా... అన్నింటికీ దాదాపు ఇదే సమాధానం. ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో, ఎవరో రాసిన షరతులకు లోబడి అవి ఉన్నాయన్న సంగతి రోజువారీ పనిలో ఎవరికీ గుర్తుకు రాదు. ఖాతా తెరిచిన అధ్యాపకుడు బదిలీపై వెళ్లినప్పుడో, పాస్‌వర్డ్ మరచిపోయినప్పుడో, నిల్వ నిండిపోయిందన్న హెచ్చరిక వచ్చినప్పుడో గానీ అసలు ప్రశ్న ముందుకు రాదు. ఆ సమాచారం ఎవరిది? దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఓరుగల్లుకు ఈ ప్రశ్న మరింత వర్తిస్తుంది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా పురుడు పోసుకున్న నేటి ఎన్‌ఐటీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, వాటి చుట్టూ వెలసిన ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలలు ఈ నగరాన్ని విద్యాకేంద్రంగా నిలిపాయి. 2020 జనవరిలో మడికొండలో ఐటీ సంస్థల కార్యాలయాలూ ప్రారంభమయ్యాయి. సాఫ్ట్‌వేర్ రాయగల యువత ఇక్కడే తయారవుతోంది. అయినా ఒక చిన్న విద్యాసంస్థ తన దస్త్రాలు దాచుకోవడానికి విదేశీ కంపెనీ వాకిట నిలబడవలసి వస్తోంది. దీనికి ప్రత్యామ్నాయం ఉంది. సాఫ్ట్‌వేర్ వెల లేకుండానే లభిస్తుంది. దాన్ని నడిపే శ్రమ మాత్రం మనదే.

ఉచితం వేరు... స్వేచ్ఛ వేరు

ఆంగ్లంలో 'ఫ్రీ' అన్న మాటకు వెల లేనిదనీ, స్వతంత్రమైనదనీ రెండర్థాలు. తెలుగులో ఆ తికమక లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. పెద్ద కంపెనీలు అందించే ఈ-మెయిల్, చిత్రాల నిల్వ, సామాజిక మాధ్యమాలు ఉచితం. అయితే అవి ఎలా పనిచేస్తున్నాయో చూడడానికి వీల్లేదు. నచ్చినట్లు మార్చుకోవడానికి వీల్లేదు. షరతులు మారిస్తే ఒప్పుకోవడం, లేదా బయటకు నడవడం తప్ప వేరే దారి లేదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అందుకు భిన్నమైనది. 1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ' పేరిట ఈ ఉద్యమానికి శ్రీకారం చుట్టారు. దీని మూలసూత్రం సరళమైనది. సాఫ్ట్‌వేర్‌ను ఏ పనికైనా వాడుకోవచ్చు. దాని మూలసంకేతాన్ని చదివి అవసరం మేరకు మార్చుకోవచ్చు. ఇతరులకు పంచవచ్చు. మార్చినదాన్నీ పంచవచ్చు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన లినక్స్ దీనికి తోడు కావడంతో పూర్తిస్థాయి కంప్యూటర్ వ్యవస్థ సిద్ధమైంది. నేడు ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగం దీనిపైనే నడుస్తున్నాయి. ఉచిత సేవలందించే పెద్ద కంపెనీలు సైతం తమ సర్వర్లకు లినక్స్‌నే నమ్ముకున్నాయి. వాటికి పనికొచ్చిన సరుకు మన కళాశాలకూ పనికొస్తుంది.

తెలుగు నేలపై ఈ భావనకు 2005 ప్రాంతంలో 'స్వేచ్ఛ' అన్న పేరుతోనే ఒక సంస్థ రూపం దిద్దుకుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. ఇంజినీరింగ్ విద్యార్థులకు శిక్షణ శిబిరాలు నిర్వహించింది. కంప్యూటర్ తెరపై ఆదేశాలన్నీ తెలుగులో కనిపించేలా చేయడానికి ఏ కంపెనీ అనుమతీ కోరవలసిన అవసరం లేకపోయింది. మూలసంకేతం అందుబాటులో ఉండటమే అందుకు కారణం.

మూతపడిన తలుపులు

ఇతరుల సర్వరును నమ్ముకుంటే ఏమవుతుందన్నది ఊహ కాదు, అనుభవం. ఒక తరం యువతకు తొలి సామాజిక వేదికగా నిలిచిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసివేసింది. దాని స్థానంలో నిలుస్తుందనుకున్న గూగుల్ ప్లస్ కూడా సాధారణ వినియోగదారులకు 2019 ఏప్రిల్ 2న మూతపడింది.

తెలుగు సాహితీ ప్రియులకు మరింత బాధ కలిగించినది యాహూ గ్రూపుల అస్తమయం. 'రచ్చబండ' వంటి చర్చావేదికలు అక్కడే వెలిశాయి. ఛందస్సు మొదలు నవల వరకు అనేక అంశాలపై దేశవిదేశాల్లోని తెలుగువారు ఏళ్ల తరబడి అక్కడ వాదించుకున్నారు. గ్రూపుల్లో భద్రపరచిన పాత సమాచారాన్ని తొలగిస్తామని 2019 అక్టోబరులో యాహూ ప్రకటించింది. దింపుకొనేందుకు కొద్ది నెలల గడువే దొరికింది. 2020 డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా ముగిసింది. ముందుగా మేల్కొని ప్రతులు దాచుకున్నవారికి దాచుకున్నంతే మిగిలింది.

విద్యాసంస్థలకూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. అపరిమితమంటూ కళాశాలలకు ఇచ్చిన ఉచిత నిల్వకు స్వస్తి పలుకుతున్నట్లు గూగుల్ 2021 ఫిబ్రవరిలో వెల్లడించింది. సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల పరిమితి విధించింది. చిన్న కళాశాలకు అది ఎక్కువే కావచ్చు. కరోనా కాలంలో వేలాది వీడియో పాఠాలు ఎక్కించిన పెద్ద విశ్వవిద్యాలయాలకు మాత్రం తొలగింపో, చెల్లింపో తప్పలేదు. కంపెనీ చట్టాన్నేమీ అతిక్రమించలేదు. ఉచితంగా ఇచ్చినవారికి ఉపసంహరించుకునే అధికారమూ ఉంటుంది.

డబ్బు చెల్లించి సేవ పొందుతున్నా పూర్తి భరోసా లేదని 2025 జులైలో తేలింది. గుజరాత్‌లోని వాడినార్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడుపుతున్న నయారా ఎనర్జీపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసింది. ఉద్యోగులకు ఈ-మెయిళ్లు అందకుండా పోయాయి. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. నెలాఖరుకు సేవలు తిరిగి మొదలయ్యాయి. రుసుము చెల్లించిన భారతీయ సంస్థకు, భారతదేశంలోనే, ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఆగిపోవడం పలువురిని ఆలోచింపజేసింది.

అక్షరానికీ తాళం వేసిన రోజులు

పరాధీనత అంటే ఏమిటో తెలుగు పాఠకులు ఒకప్పుడు అక్షరాల విషయంలోనే చవిచూశారు. 2000వ దశకం తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు దేని ఫాంటు దానిదే అన్నట్లు ఉండేవి. ఒక పత్రిక చదవాలంటే ఒక ఫాంటు, మరో పత్రికకు మరొకటి దింపుకోవలసి వచ్చేది. ఫాంటు లేకుంటే తెరపై అర్థం లేని గుర్తులే దర్శనమిచ్చేవి. వార్తను వెతకాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా సాధ్యమయ్యేది కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ చిక్కుముడిని విప్పినవారిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులు ముందు వరుసలో ఉన్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు 'పోతన', 'వేమన' పేర్లతో యూనికోడ్ ఫాంట్లు రూపొందించి, ఎవరైనా పంచుకోగల అనుమతితో విడుదల చేశారు. ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రజలు తమవాడని చెప్పుకునే బమ్మెర పోతన పేరు అలా దేశదేశాల కంప్యూటర్లలోకి చేరింది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో అంకురార్పణ చేసిన వెన్న నాగార్జున, పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని తయారు చేశారు. దాని మూలసంకేతం అందరికీ తెరిచి ఉంచడంతో, ఆంగ్ల అక్షరాలతో తెలుగు టైపు చేసే 'లేఖిని'కి అదే ఆధారమైంది. ఒకరు చేసిన పని మరొకరికి మెట్టుగా మారడం మూసి ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో జరిగేది కాదు.

తెలుగు వికీపీడియా ఇందుకు మరో ఉదాహరణ. దాన్ని నడిపే మీడియావికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. లక్షకు పైగా ఉన్న వ్యాసాలను ఎవరైనా మొత్తంగా దింపుకోవచ్చు. 'కివిక్స్' అనే సాధనంతో ఇంటర్నెట్ లేని బడిలోనూ పిల్లలకు చూపించవచ్చు.

పల్లెకు చేరిన చిన్న పెట్టె

సొంత సర్వరు అనగానే చల్లని గదులు, వరుస బీరువాలు కళ్లముందు మెదులుతాయి. ఒక కళాశాలకో, గ్రామానికో అంత హంగు అక్కర్లేదు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు, లేదా మూలనపడిన పాత డెస్క్‌టాప్ ఆరంభానికి సరిపోతాయి.

ఈ ఆలోచన నుంచి పుట్టినదే 'ఫ్రీడంబాక్స్'. ప్రజల సమాచారం గుప్పెడు కంపెనీల గుప్పిట్లోకి వెళ్తోందంటూ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010లో న్యూయార్క్‌లో చేసిన ప్రసంగం దీనికి బీజం వేసింది. డెబియన్ లినక్స్‌పై ఆధారపడిన ఈ వ్యవస్థను చిన్న పెట్టెలో నింపి ఇంట్లోనే సర్వరుగా వాడుకోవచ్చు. దీని రూపకల్పనలో హైదరాబాద్ ఇంజినీర్లూ పాలుపంచుకున్నారు. స్వేచ్ఛ, భారత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థల కార్యకర్తలు దీన్ని తెలుగు పల్లెలకు తీసుకెళ్లారు. ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను వైఫై ద్వారా గ్రామస్థులు పంచుకునేందుకు, పుస్తకాలు, పాఠాలు స్థానికంగానే అందుబాటులో ఉంచేందుకు అది ఉపకరించింది.

ఈ ప్రయత్నాన్ని 'ఫ్రీ బేసిక్స్' వివాదంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో 'ఇంటర్నెట్.ఆర్గ్' పేరిట ఒక సేవను ప్రారంభించింది. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చింది. తాను అనుమతించిన వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపడం దాని పద్ధతి. పేదలకు ఇంటర్నెట్ అన్న మాట బాగానే ఉన్నా, ఏది చూడాలో కంపెనీ నిర్ణయించడమేమిటంటూ దేశవ్యాప్తంగా నిరసన పెల్లుబికింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అటువంటి వివక్షాపూరిత ధరలను నిషేధించింది. అక్కడ తలుపు కంపెనీది. పల్లెలోని పెట్టెకు మాత్రం ఊరే యజమాని.

ఏ పనికి ఏది?

సంస్థ అవసరాల్లో చాలావాటికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది. దస్త్రాలు, చిత్రాలు దాచుకుని పంచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్, పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షల నిర్వహణకు మూడుల్, గ్రంథాలయానికి కోహా, వీడియో సమావేశాలకు జిట్సీ, వెబ్‌సైట్‌కు వర్డ్‌ప్రెస్, పత్రాల తయారీకి లిబ్రెఆఫీస్ అందుబాటులో ఉన్నాయి. వీటిలో కోహా న్యూజిలాండ్‌లోని ఒక చిన్న పట్టణ గ్రంథాలయం కోసం పుట్టి దేశదేశాలకు విస్తరించింది. మన దేశంలోనూ పలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి.

అన్నీ ఒకేసారి మార్చాలన్న నియమం లేదు. ముఖ్యంగా ఈ-మెయిల్ సర్వరును సొంతంగా నడపడం కష్టసాధ్యం. కొత్త సర్వరు నుంచి వచ్చే లేఖలను పెద్ద కంపెనీలు చెత్తబుట్టలోకి నెట్టే అవకాశం ఎక్కువ. అందువల్ల సొంత డొమైన్ పేరు కొనుక్కుని, లేఖల నిర్వహణను వేరే సంస్థకు అప్పగించడం మధ్యేమార్గం. రేపు ఆ సంస్థతో పొసగకపోతే చిరునామా మారకుండానే మరోచోటికి మారవచ్చు. అదే విధంగా, నిలకడైన విద్యుత్తు, స్థిరమైన ఇంటర్నెట్ చిరునామా లేనిచోట నెలవారీ అద్దెకు సర్వరు తీసుకోవచ్చు. స్థలం అద్దెదైనా అందులోని సాఫ్ట్‌వేర్, సమాచారం మనవే కనుక ఎప్పుడైనా మూటగట్టుకుని కదలవచ్చు.

పూడిక తీయకుంటే...

ఇక రెండోవైపు. సొంత సర్వరు కాకతీయుల చెరువు వంటిది. పాకాల, రామప్ప, లక్నవరం ఏడెనిమిది వందల ఏళ్లుగా నిలిచాయంటే తవ్వించిన రాజుల గొప్పతనం ఒక్కటే కారణం కాదు. తూము చూసే నీరటికాడు, కట్ట చూసే రైతులు తరతరాలుగా ఉండబట్టే అవి నిలిచాయి. ఆలనాపాలనా కరవైన చెరువులు ఎన్నో పూడిపోయాయి. వాటిలో పూడిక తీయడానికి 2015లో మిషన్ కాకతీయ చేపట్టవలసి వచ్చింది.

సర్వరుకూ నీరటికాడు కావాలి. భద్రతా మార్పులు విడుదలైన వెంటనే ఎక్కించాలి. లేకుంటే దొంగలు చొరబడి, దస్త్రాలకు తాళం వేసి సొమ్ము అడిగే ప్రమాదం ఉంది. విద్యుత్తు పోతే ఆగకుండా ఇన్వర్టరు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం నకళ్లు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరదనీరు హన్మకొండ, వరంగల్ కాలనీలను ముంచెత్తిన దృశ్యాలు నగరవాసులు మరువలేదు. కింది అంతస్తులోని గదిలో సర్వరు, దాని పక్కనే నకలు ఉంచితే రెండూ ఒకేరోజు నీటిపాలవుతాయి. కనీసం ఒక నకలు వేరే భవనంలో, వీలైతే వేరే ఊరిలో ఉండాలి. ఆ నకలు నుంచి సమాచారం తిరిగి వస్తుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి. ఈ విషయంలో పెద్ద కంపెనీల ఏర్పాట్లు చిన్న సంస్థల కన్నా మిన్న అన్నది కాదనలేని నిజం.

చట్టపరమైన బాధ్యతా ఉంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, పౌరుల వివరాలు సేకరించే సంస్థే వాటి భద్రతకు జవాబుదారీ. తగిన రక్షణ చర్యలు తీసుకోకుంటే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. సర్వరు సొంతదైనా, అద్దెదైనా, విద్యార్థి వివరాలు బయటకు పొక్కితే 'మాకు తెలియదు' అంటే చెల్లదు.

నిర్వహణపై నిబద్ధత సడలితే వెనక్కి మళ్లడమూ జరుగుతుంది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలిక 2000వ దశకంలో లినక్స్‌కు మారి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని నిర్ణయించింది. అదే దేశంలోని ష్లెస్విగ్-హోల్‌స్టీన్ రాష్ట్రం మాత్రం ప్రభుత్వ సమాచారంపై అధికారం తమకే ఉండాలంటూ 30 వేల కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మార్చనున్నట్లు 2024లో ప్రకటించింది. ఒకే దేశంలో రెండు దారులు. సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలతో పాటు పట్టుదలా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

నలుగురూ కలిస్తే...

ఒక్కో కళాశాల ఒక్కో నిపుణుడిని నియమించుకోవడం సాధ్యం కాకపోవచ్చు. నలుగురూ కలిస్తే భారం తగ్గుతుంది. ఫ్రాన్స్‌లో 2016లో చిన్న చిన్న సంస్థలు 'షాతోన్' పేరిట కూటమిగా ఏర్పడి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సేవలను తమ పరిసర ప్రజలకు అందిస్తున్నాయి. కేరళ ప్రభుత్వం 2001లో మొదలుపెట్టి, 2017లో 'కైట్' సంస్థగా మలచిన కార్యక్రమం ద్వారా బడుల కంప్యూటర్లను లినక్స్‌పై నడుపుతోంది. అక్కడ ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, నిర్వహణను వారి చేతికి అప్పగించారు.

ఇటువంటి ఉమ్మడి బాధ్యత ఓరుగల్లుకు కొత్త కాదు. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి పేరు దేశమంతటా వినిపించిందంటే, తాగునీటి నుంచి పారిశుద్ధ్యం వరకు ప్రతి పనికీ గ్రామస్థులే కమిటీలుగా ఏర్పడి చూసుకోవడమే కారణం. నీటికి చేసినదే సమాచారానికీ చేయవచ్చు. నగరంలోని నాలుగైదు కళాశాలలు కలిసి ఒక సర్వరు, ఇద్దరు నిర్వాహకులు, ఏటా కొందరు విద్యార్థుల సాయంతో ఆరంభించవచ్చు. కంప్యూటర్ సైన్సు చదివే విద్యార్థికి నిజమైన సర్వరును నడపడాన్ని మించిన ప్రయోగశాల మరొకటి ఉండదు.

అంతవరకూ ప్రతి సంస్థా ఈ వారమే చేయగల పనులు నాలుగున్నాయి. సంస్థ సమాచారం ఏయే ఖాతాల్లో, ఎవరి పేరిట ఉందో జాబితా రాసుకోవాలి. వ్యక్తుల పేర్ల మీద ఉన్న ఖాతాలను సంస్థ పేరిటకు మార్చాలి. ఇప్పటివరకూ పోగైనదాన్ని దింపుకుని రెండు చోట్ల భద్రపరచాలి. సొంత డొమైన్ పేరు నమోదు చేసుకోవాలి. వీటికి పెద్దగా ఖర్చు కాదు. సొంత సర్వరు పెట్టాలా వద్దా అన్నది తర్వాత తీరికగా తేల్చుకోవచ్చు. దాచుకున్న ప్రతి చేతిలో ఉన్నవారు, సేవ మూతపడుతోందన్న ప్రకటన వచ్చిన రోజున గడువు కోసం ఎవరినీ వేడుకోవలసిన పని ఉండదు.